గుడ్డు లేని నెలవంక

జనవరి ఆరు. మా గురియాలో పండుగ రేపు.
మంచు పడాల్సిన చోట మూడు రోజులుగా వాన.
పెరట్లో కమలాచెట్టు కింద నీళ్లు,
నీళ్లలో రాలిన పండ్లు,
పండ్ల మధ్య మా సబా ఎడమకాలి బూటు.

ఖతూనా రాత్రి డ్యూటీకి ఆసుపత్రికి వెళ్లింది.
గుమ్మం దాటుతూ మూడు ముక్కలు చెప్పింది:
పిండి పొంగింది, గుడ్లు ఉడికాయి,
కత్తి పిల్లలకి అందనీయకు.
నాలుగోది నోటితో చెప్పలేదు,
చూపుతో అడిగింది: నీ వల్ల అవుతుందా?

బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి.
ఒక కొమ్మ చెక్కడానికి ఎంతసేపు?

చిచిలాకి అంటే చెట్టనుకునేరు.
ఎండిన హేజెల్ కొమ్మని
తెగకుండా, ఊడకుండా
పొరలు పొరలుగా పైకి చీల్చుకుంటూ పోతే
సుళ్లు తిరిగి వేలాడే తెల్లటి గడ్డం.
పక్కింటి ఇపోలితే చెక్కితే
పరిశుద్ధ బాసిలే వచ్చి
గుమ్మంలో చలి కాచుకుంటున్నట్టుంటుంది.
నేను చెక్కితే
మొదటిది పుటుక్కుమంది.
రెండోదానికి గడ్డం ఒకవైపే మొలిచింది.
"దీనికి జ్వరమొచ్చిందా నాన్నా?" అంది తెక్లే.

మిగిలింది ఒక్క కొమ్మ.
ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.
పొర లేచినప్పుడల్లా ఇద్దరూ లెక్కపెట్టారు.
సబాకి నాలుగు తర్వాత తొమ్మిదే,
అందుకని మా పని తొందరగా అయిపోయింది.

జానెడు గడ్డం.
ఎర్రపళ్ల తీగ చుట్టాం, ఎండు ఆపిల్ చక్రం కట్టాం.
తెక్లే తన రిబ్బను ఇచ్చింది,
లాక్కుంది,
మళ్లీ ఇచ్చింది.
నాలుగడుగులు వెనక్కి వేసి చూసి,
"ఇది ఆ తాత చిన్నప్పుడు," అని తేల్చేసింది.

ఇక రొట్టెలు.
మా వైపు ఈ పండక్కి నెలవంకలు కాలుస్తాం,
మనిషికొకటి,
కడుపులో ఉప్పటి చీజు, ఒక గుడ్డు.
నలుగురం, నాలుగు రొట్టెలు, నాలుగు గుడ్లు:
నాకు తెలిసిన లెక్కల్లో ఇంత తేలికైనది లేదు.
అంచులు నొక్కి పొయ్యిలో పెట్టాక చూశాను,
సబా మూతికి పసుపుపచ్చని పొడి.

"గుడ్డేదిరా?"
"వెళ్లిపోయింది."
"ఎక్కడికి?"
"ఆసుపత్రికి. అమ్మ దగ్గరికి."

మా కోళ్లు డిసెంబరులోనే చేతులెత్తేశాయి.
కొట్లు మూసేశారు.
ఏ వంకలో గుడ్డు లేదో
కాలిన పిండి బయటపెట్టదు.

అర్ధరాత్రి దాటాక వానలోనే పాటగాళ్లొచ్చారు,
గొంతులు తడిసినా శ్రుతి తడవలేదు.
ఆనవాయితీగా గుడ్లడిగారు.
దోసిలి నిండా కమలాలు పోశాను.
పిల్లలు లేవలేదు.
వాళ్ల కోసమే మేలుకున్నానని చెప్పుకున్నాను గానీ
నాకే ఇంకోసారి వినాలనిపించింది.

తెల్లారి ఖతూనా వచ్చింది,
చేతులకి మందుల వాసన, జుట్టునిండా నీళ్లు.
కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూలబడింది.
నా రొట్టెలో గుడ్డు. తెక్లేకి గుడ్డు.
సబాకి రెండో గుడ్డు, వీడి అదృష్టం చూడండి.
ఖతూనా తన నెలవంకని విరిచింది.

లోపల కమలాపండు.
తొక్క తీయలేదు సరే,
కొరికి చూసినట్టు ఒక పక్క చిన్న పళ్ల గాటు,
చీజులో ఉడికి మెత్తబడి, పొగలు కక్కుతూ.

నా వైపు చూసింది. నేను సబా వైపు.
సబా చెట్టు వైపు.
ఆమె ఏమీ అనలేదు.
వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ తొక్క ఒలిచి
ఆ ఉప్పటి కమలాపండుని
గింజలతో సహా తినేసింది.

పన్నెండో నాడు ఈ గడ్డాన్ని కాల్చేస్తాం,
పోయిన ఏటి కష్టాలు దానితో పోవాలని.
తెక్లేకి అప్పుడే బెంగ:
"ఇది ఇంత చిన్నది కదా నాన్నా,
మన కష్టాలన్నీ పడతాయా?"

ఆసుపత్రి జీతం, నా జీతం,
ఇంటి పైకప్పు, గడిచిన వేసవి...
మనసులోనే లెక్కవేశాను.
పడతాయన్నాను.

ఖతూనా బల్ల మీదే నిద్రపోయింది.
సబా ఆమె బూటు ఒకటి లాగాడు, రెండోది రాలేదు.
పెరట్లో వాడి బూటు ఇంకా తేలుతూనే ఉంది.
తేవాలి.
వాన కాస్త తగ్గనీ.